మిద్దె మీది ఎండ

రోహిణి కార్తెలో రోళ్ళు పగులునను సామెత తెలుగు దేశమంతటను వాడుకలో నున్నది. ఆ సామెతలోని నిజమెంతటిదో తెలియవలెనన్నచో కర్నూలులోనో, కడపలోనో మిట్టమధ్యాహ్నపు వేళ మిద్దె యెక్కి నిలువవలెను. కొండారెడ్డి బురుజు రాళ్ళు పెనము వలె కాలుచుండును. తుంగభద్ర ఇసుక తిన్నెల నడుమ సన్నని పాయగా మారును. కడప చెంతనున్న కొండల మీదినుండి వచ్చు గాలి కొలిమిగాలిని తలపించును. వీధిలో మనిషి కనబడడు. వేపచెట్టు నీడలో పశువు రొప్పుచు నిలబడి యుండును. తరతరములుగా ఈ సీమవాసికి ఎండ పగవాడే. పైరును మాడ్చినది ఎండ. చెరువును ఇంకించినది ఎండ. కరవు ఏట పశువును సంతకు తోలించినదియు ఎండయే.

ఇప్పుడా ఎండయే సరకైనది. కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు, కడప బజారులలో సోలారు ప్యానెళ్ళ అంగడి పలకలు వెలసినవి. బిల్లు సున్న యగునని చెప్పుచు ఇంటింటికిని తిరుగు వ్యాపారులు కలరు. నెలజీతము గలవానికి బ్యాంకు అప్పు సులభముగా దొరకును గనుక, వారు మొదట తలుపు తట్టునది తరచుగా ఉపాధ్యాయుని ఇల్లే. కొనవలెనా, వద్దా? ఎంత కొనవలెను? ఎట్టిది కొనవలెను? ఈ ప్రశ్నలు నేడు పెక్కు ఇండ్లలో భోజనముల వేళ చర్చకు వచ్చుచున్నవి.

ఇట్టి చర్చ ఈ సీమకు కొత్త కాదు. మొన్నమొన్నటి దాక ఇదే ఇండ్లలో బోరు గురించి ఇట్లే చర్చించిరి. అరచేత కొబ్బరికాయ నుంచుకొని పొలమంతయు నడచిన వానిని నమ్మిరి. వేపపుల్ల వంగిన చోట గుంత త్రవ్వించిరి. నూరు అడుగులలో పడని నీరు అయిదు వందల అడుగులలో పడుననిరి. ఒక బోరు ఎండినచో దాని ప్రక్కన మరియొకటి వేసిరి. నీరు పడినవాడు బాగుపడెను. పడనివాడు నేలను అమ్ముకొనెను. నేల లోపల నీరెంత యున్నదో ముందుగా చూడగల కన్ను రైతునకు లేదు. అందుచేత అది వ్యవసాయముగా గాక జూదముగా పరిణమించెను.

ఎండ అట్టిది కాదు. అది నేల లోపల దాగి లేదు, మిద్దె మీద పడియున్నది. ఏ నెలలో ఎంత పడునో, ఎంత కరెంటుగా మారునో, దానికి ఎన్ని రూపాయలు మిగులునో కొనుటకు ముందే కాగితము మీద లెక్క వేయవచ్చును. ఆ లెక్కకు ఉన్నత పాఠశాల గణితము చాలును. లెక్క వేయక కొన్నవాడు మాత్రము బోరు నాటి జూదమునే మిద్దె మీదికి ఎక్కించినవాడగును.

గని, శకునాల

ఈ సీమ ఎండకు విలువ కట్టినవారు మొదట గృహస్థులు కారు. కర్నూలునకు సమీపమున గని, శకునాల గ్రామముల మెట్టభూములలో, దాదాపు 6,000 ఎకరముల మేర, ఒక మహా సౌరక్షేత్రము వెలసినది. దాని శక్తి 1,000 మెగావాట్లు. 2017లో అది పూర్తిగా పనిచేయసాగెను. ఒకే ప్రదేశమున నిర్మించిన సౌర విద్యుత్ కేంద్రములలో నాటికి ప్రపంచమున మిక్కిలి పెద్దవానిలో అది యొకటి. అందలి ఫలకములు 40 లక్షలకు పైబడినవి. 2022 ఏప్రిలులో జిల్లాల విభజన జరిగినప్పుడు గని ఉన్న గడివేముల మండలము నంద్యాల జిల్లాలో చేరెను. శకునాల గల ఓర్వకల్లు మండలము కర్నూలులోనే నిలిచెను. కడప జిల్లాలో మైలవరము వద్ద గూడ ఇట్టి క్షేత్రమునకే సంకల్పము జరిగినది.

ఈ రెండు చోట్లను పలికిన ధరలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో కాలపు నడక తెలియును. 2015 నవంబరులో గని క్షేత్రమునకు పిలిచిన వేలములో యూనిట్టు ధర 4 రూపాయల 63 పైసలకు దిగెను. అది ఆనాటికి దేశములోనే తక్కువ ధర యని పత్రికలు వ్రాసినవి. ఏడాదిన్నర తిరుగకముందే, 2017 ఏప్రిలులో, కడప క్షేత్రమునకు 3 రూపాయల 15 పైసల ధర పలికెను. ఫలకముల ధర ప్రపంచమంతటను పడిపోవుటయే దీనికి ముఖ్యకారణము. ఆ తగ్గుదలయే నేడు ఇంటి మిద్దె వరకు వచ్చినది.

ఒక విషయము మాత్రము విద్యార్థులు గుర్తింపవలెను. గని కరెంటు గని గ్రామపు ఇండ్లకు నేరుగా రాదు. అది పెద్ద తీగలలో కలిసి దూరదేశములకు పోవును. ఊరి ప్రక్కన కోట్ల యూనిట్లు పుట్టినను ఆ ఊరివాని బిల్లు తగ్గదు. తన బిల్లు తగ్గవలెనన్నచో తన మిద్దె మీద తన ఫలకముండవలసినదే.

గాజుక్రింద ఇసుక

ఫలకములోని పదార్థము సిలికాన్. ఇసుకనుండియే దానిని తీయుదురు. వెలుతురు తగిలినచో కొన్ని పదార్థములలో విద్యుత్తు పుట్టునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బెక్వరెల్ 1839లోనే గమనించెను. అయినను పనికివచ్చు సిలికాన్ ఘటము 1954 వరకు తయారు కాలేదు. ఆ యేడు అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అను మువ్వురు దానిని నిర్మించిరి. తనపై పడిన వెలుతురులో నూటికి ఆరు వంతులను మాత్రమే అది కరెంటుగా మార్చగలిగెను. 1954 నాటికి కర్నూలు ఆంధ్రరాష్ట్ర రాజధానిగా నుండెను. ప్రభుత్వ కార్యాలయములు కొన్ని డేరాలలో నడచుచుండెను. డేరాలను కాల్చుచున్న ఆ ఎండకు ఒకనాడు వెల వచ్చునని అప్పుడెవ్వరును తలచియుండరు. ఆనాడు సౌరఘటముల ధర వాట్టుకు వందల డాలర్లు. 1958లో ఆకాశమునకు పంపిన వాన్‌గార్డ్ ఉపగ్రహము వంటి వానికి తప్ప మరి దేనికిని ఆ ధర గిట్టుబాటు కాలేదు.

నేటి ఫలకములు నూటికి 20 మొదలు 22 వంతుల వరకు వెలుతురును కరెంటుగా మార్చుచున్నవి. అంగడిలో రెండు రంగులు కనబడును. నీలిరంగుది పాలీక్రిస్టలిన్. ఇది పాతది, చౌకది. ఎక్కువ చోటు ఆక్రమించును, క్రమముగా కనుమరుగగుచున్నది. నల్లనిది మోనోక్రిస్టలిన్. అందును పెర్క్ అనునది ఒక తరము, టాప్‌కాన్ అనునది తరువాతి తరము. వెనుక వైపుననుండి గూడ వెలుతురును గ్రహించు రెండు ముఖముల ఫలకములును వచ్చినవి. మిద్దెకు సున్నము కొట్టి, ఫలకమును కొంత ఎత్తున నిలిపినచో వానివలన కొంత లాభము కలదు; నేలకు ఆనించి పెట్టినచో ఆ వెనుక ముఖమునకు ఇచ్చిన డబ్బు వృథా.

ముందు బిల్లు, పిదప ఫలకము

కొనదలచినవాడు మొదట చూడవలసినది ఫలకమును గాదు, తన ఇంటి కరెంటు బిల్లులను. పండ్రెండు నెలల బిల్లులను ముందుంచుకొని, యూనిట్లను కూడి, పండ్రెండుచే భాగింపవలెను. వేసవి బిల్లును మాత్రమే చూచి భయపడి కొన్నవాడు అక్కరకు మించి కొనును.

కర్నూలు, కడపలలో ఒక కిలోవాట్టు ఫలకములు, ఎండ కాలము, మబ్బు కాలము కలుపుకొని, సగటున దినమునకు నాలుగు యూనిట్ల నిచ్చునని లెక్కింపవచ్చును. నెలకు 120 యూనిట్లు. నెలకు 240 యూనిట్లు వాడు ఇంటికి రెండు కిలోవాట్లు సరిపోవును. వ్యాపారి అయిదు కిలోవాట్లు చెప్పినచో, ఎందుకని అడుగవలెను.

ఇక రూపాయల లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ప్రకటించిన ఇంటి కరెంటు రేట్లను తీసికొన్నచో, తొలి 30 యూనిట్లకు యూనిట్టు 1 రూపాయి 90 పైసలు; 31 నుండి 75 వరకు 3 రూపాయలు; 76 నుండి 125 వరకు 4 రూపాయల 50 పైసలు; 126 నుండి 225 వరకు 6 రూపాయలు; ఆపైన 400 వరకు 8 రూపాయల 75 పైసలు. ఇది మెట్ల వంటిది. వాడుక పెరిగినకొలది పై మెట్టు యూనిట్టు ప్రియమగును.

నెలకు 240 యూనిట్లు వాడు ఇంటివాడు ఈ మెట్ల ప్రకారము చెల్లించునది సుమారు 1,148 రూపాయలు. ఏడాదికి 13,780 రూపాయలు. రెండు కిలోవాట్ల ఏర్పాటుకు 1,40,000 రూపాయలైనదని లెక్క కొరకు అనుకొన్నచో, కేంద్రప్రభుత్వపు సహాయము 60,000 పోగా చేతినుండి పడునది 80,000. ఆరేండ్లలోపల ఆ డబ్బు తిరిగి వచ్చును. ఫలకము ఆయువు 25 ఏండ్లు. తక్కిన ఏండ్ల కరెంటు, నిర్వహణ వ్యయము మినహాయించి, ఇంటివానికి లాభమే.

ఇప్పుడు మరియొక ఇల్లు. రెండు దీపములు, రెండు ఫ్యాన్లు, ఒక టీ.వీ. నెలకు 75 యూనిట్లు. ఈ ఇంటివాడు అవే మెట్ల ప్రకారము చెల్లించునది 192 రూపాయలు, ఏడాదికి 2,304. ఒక కిలోవాట్టు ఏర్పాటుకు సహాయము పోగా 40,000 రూపాయలు పడినదనుకొన్నచో అది తిరిగి వచ్చుటకు పదునేడేండ్లు పట్టును. మిగిలిన యూనిట్లు సంస్థకు పోయినను వానికి వచ్చు ధర స్వల్పము. అప్పు చేసి పెట్టినచో వడ్డీయే ఆ పొదుపును మ్రింగును.

ఒకే ఊరు, ఒకే వీధి, ఒకే ఎండ. ఒక ఇంటికి మేలు చేసినది ప్రక్క ఇంటికి మేలు చేయదు. ఎదురింటివాడు పెట్టించెనని పెట్టించుట ఎంత పొరపాటో ఈ రెండు లెక్కలే చెప్పును. ఇచ్చట వాడిన ధరలు మాదిరికి మాత్రమే. తన బిల్లులోని రేటును, తనకు చెప్పిన ధరను వేసికొని ఎవరి లెక్క వారు కట్టుకొనవలెను. స్థిర రుసుములు ఫలకములు పెట్టినను పోవనియు, ఇన్వర్టరును పది పండ్రెండేండ్లకొకసారి మార్చవలసి రావచ్చుననియు ఆ లెక్కలో చేర్చుకొనుట మంచిది.

మట్టి మిద్దె, నాపరాతి మిద్దె

బిల్లు తరువాత చూడవలసినది మిద్దె. ఒక కిలోవాట్టుకు నీడపడని చోటు సుమారు నూరు చదరపు అడుగులు కావలెను. పట్టణపు సిమెంటు మిద్దెకు ఇది కష్టము కాదు. పల్లెలలో అట్లు కాదు. దూలములు, దంతెలు పరచి, వాని మీద నాపబండలు కప్పి, పైన చౌడుమన్ను పోసి దట్టించిన మిద్దెలు ఈ రెండు సీమలలో నేటికిని కలవు. నడుమ గవాక్షి యుండును; ఇంటిలోనికి వెలుతురును గాలిని దింపునది అదియే. ఎండకాలమున ఈ మిద్దె చల్లగా నుండును. వాన రాకముందు దానికి కొత్త మన్ను పోయుట ఏటేట చేయు పని.

ఇట్టి మిద్దెకు రంధ్రము వేసి ఇనుప కాలు దింపినచో తొలకరికే ఇల్లు కారును. పెద్ద ఫలకమొకటి సుమారు 28 కిలోల బరువు. కాళ్ళకు రంధ్రము వేయక సిమెంటు దిమ్మెల బరువుతో నిలిపినచో ఆ దిమ్మెలన్నిటి భారమును ముసలి దంతెలపైననే పడును. కావున మట్టి మిద్దె గలవారు గోడల మీద ఆనించిన ఇనుప చట్రమునో, పెరటిలో నేలమీద నిలిపిన చట్రమునో కోరవలెను. ఈ మాట వ్యాపారి తానుగా చెప్పకపోవచ్చును. ఊరి మేస్త్రిని పిలిచి మిద్దె చూపుట ఇంటివాని పని.

నీడ విషయము విద్యార్థులకు చక్కని ప్రయోగము. ఫలకములను హారముగా కూర్చుదురు. ఒక దానిపై నీటి తొట్టి నీడ పడినను హారమంతటి శక్తి కుంటుపడును. నేటి ఫలకములలోని డయోడు లీ నష్టమును కొంత తగ్గించునే గాని పూర్తిగా మాన్పవు. నీడలు మిక్కిలి పొడవుగా నుండునది డిసెంబరులో. ఆ నెలలో ఉదయము తొమ్మిది మొదలు మధ్యాహ్నము మూడు వరకు గంటకొకసారి మిద్దె యెక్కి, తొట్టి నీడ, పొరుగు గోడ నీడ, కొబ్బరిచెట్టు నీడ ఎంతవరకు వచ్చినవో సున్నముతో గీత గీచినచో నీడపడని చోటు దానంతట అదే తేలును.

దిక్కు తెలిసికొనుటకు నిలువు కర్ర యొకటి చాలును. దినములో దాని నీడ పొట్టిదైన వేళ ఆ నీడ ఉత్తర దక్షిణ రేఖను చూపును. కర్నూలు సుమారు 15 డిగ్రీల 50 నిమిషముల ఉత్తర అక్షాంశమున, కడప 14 డిగ్రీల 28 నిమిషముల అక్షాంశమున నున్నవి. అందుచేత ఫలకమును దక్షిణ ముఖముగా, పది పదునైదు డిగ్రీల వాలుతో నుంచుట మేలు. మే మొదటి వారము మొదలు ఆగస్టు మొదటి వారము వరకు కర్నూలులో మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరముగా నుండును. అప్పుడు నిలువు కర్ర నీడ దక్షిణమునకు పడును. వాలు ఎక్కువైనచో ఆ నెలలలో నష్టము. వాలు మరీ తక్కువైనచో వానకు దుమ్ము జారిపోదు.

ఎండ ఎక్కువైనచో

ఎండ ఎంత మండినచో కరెంటు అంత పుట్టునని తలచుట సహజము. నిజము వేరు. ఫలకమునకు కావలసినది వెలుతురు, వేడి కాదు. ఫలకము వెనుక అతికించిన చీటీలో 540 వాట్లని యుండునది ప్రయోగశాలలో, ఘటపు ఉష్ణోగ్రత 25 డిగ్రీల వద్ద కొలిచిన కొలత. బయట 42 డిగ్రీలున్న మే నెల మధ్యాహ్నమున మిద్దె మీది నల్లని ఫలకము 65 డిగ్రీలకు చేరుట వింత కాదు. ఒక్కొక్క డిగ్రీ వేడికి శక్తి కొంత తగ్గును. ఆ తగ్గుదల నూటికి 0.35 అయినచో, 40 డిగ్రీల పెరుగుదలకు నూటికి 14 వంతులు పోయి 540 వాట్లు 464కు దిగును. అదే 0.30 అయినచో 475 వద్ద నిలుచును. ఫలకపు వివరపత్రములో ఈ ఉష్ణోగ్రతా గుణకము అచ్చు వేసియుండును. చల్లని దేశమువాడు దానిని చూడకున్నను నష్టము లేదు. కర్నూలువాడు మొదట చూడవలసిన అంకె అదియే. ఫలకమునకును మిద్దెకును నడుమ గాలి ఆడుటకు చోటు విడుచుటయు ఈ కారణము చేతనే.

తరువాతిది దుమ్ము. ఈ సీమలో సాలీన పడు వాన తక్కువ. వాన లేని నెలలు పెక్కు. బేతంచెర్ల దిక్కున బండలకు నునుపు పెట్టు కార్ఖానాల పొడి, ఎర్రగుంట్ల దిక్కున సిమెంటు దుమ్ము గాలిలో నుండును. పొర కట్టిన ఫలకము పని మందగించును. కడుగవలెను. దేనితో? త్రాగుటకే నీరు కొనుక్కొను వీధులలో ఈ ప్రశ్న చిన్నది కాదు. పైగా బోరునీరు చవుడునీరు. ఆరినచో గాజుమీద తెల్లని పొక్కు కట్టును, అది దుమ్ముకంటె మొండిది. పట్టి ఉంచిన వాననీరు మేలు. లేనిచోట మెత్తని గుడ్డతోనో, పొడవు పిడి గల మెత్తని కుంచెతోనో పొడిగా తుడిచి, నెలకు రెండు మూడు మార్లు బకెట్టు నీటితో కడిగి, వెంటనే ఒత్తి తుడువవలెను. ఇదంతయు తెల్లవారుజామున జరుగవలెను. మధ్యాహ్నమున కాలుచున్న గాజుపై చన్నీరు పోసినచో పగులు భయము కలదు. తుడుచుటకు మనిషి నడువ వీలుగా ఫలకముల నడుమ దారి విడువనివాడు ఏర్పాటు చక్కగా చేయలేదన్నమాట.

మూడవది గాలి. ఆషాఢమున ఈ కొండలపై గాలి ఎట్లు వీచునో గాలిమరల వరుసలే చెప్పును. ఫలకము గాలిపటము వంటిది. చట్రము బలహీనమైనచో అది లేచును. చట్రమునకు జింకు పూత పూసిన ఇనుము, బిగువైన మరలు కావలెను. తక్కువ ధర చెప్పినవాడు తరచుగా తగ్గించునది ఫలకమును గాదు, ఈ చట్రమును, తీగలను.

ఎర్తు సంగతియు ఇట్టిదే. పిడుగునుండి, లీకు కరెంటునుండి కాపాడు ఎర్తు గుంత తడిగా నుండవలెను. ఎండిన నేల విద్యుత్తును సులభముగా గ్రహింపదు. ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన గుంతకు వేసవిలో అప్పుడప్పుడు ఒక చెంబు నీరు పోయుట ఈ సీమలో తప్పనిసరి.

కరెంటు పోయినప్పుడు

ఫలకములు పెట్టించిన పెక్కుమంది తొలివారములోనే ఒక ఆశాభంగమునకు లోనగుదురు. వీధిలో కరెంటు పోవును. మిద్దెమీద ఎండ కాయుచునే యుండును. ఇంటిలో ఫ్యాను మాత్రము తిరుగదు. యంత్రము చెడెనని గొడవ పడుదురు. యంత్రము చెడలేదు. వీధి తీగతో కలిపిన ఏర్పాటులో, ఆ తీగలో కరెంటు ఆగిన క్షణముననే ఇన్వర్టరు తానును ఆగవలెను. లేనిచో ఇంటినుండి పోవు కరెంటు స్తంభమెక్కి పనిచేయుచున్న లైన్‌మన్ ప్రాణము తీయును. ఇది లోపము కాదు, రక్షణ. కాని కొనుటకు ముందు దీనిని చెప్పకుండుట మాత్రము మోసమే.

కరెంటు కోతలో గూడ ఫ్యాను తిరుగవలెనన్నచో బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఏర్పాటు కావలెను. దానికి వ్యయ మెక్కువ. లెడ్ యాసిడ్ బ్యాటరీ చౌక. ఈ వేడిలో కొద్ది ఏండ్లకే అలసిపోవును. లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీ ప్రియము; ఎక్కువ కాలము మన్నును. ఏదైనను నీడలో, గాలి తగులు చోట నుంచవలెను. కోతలు తక్కువైన పట్టణపు ఇంటికి బ్యాటరీ అక్కరలేదు. రోగి యంత్రము నడువవలసిన ఇంటికి, పరీక్షల పిల్లలున్న పల్లె ఇంటికి అది అక్కరకు వచ్చును. ఏది తన అవసరమో ఇంటివాడే తేల్చుకొనవలెను.

కాగితములు

2024 ఫిబ్రవరి 13న కేంద్రప్రభుత్వము ప్రధానమంత్రి సూర్య ఘర్ ముఫ్త్ బిజ్లీ యోజన అను పథకమును ప్రారంభించెను. కోటి ఇండ్లపై ఫలకములు నెలకొల్పుట దాని లక్ష్యము. 2026–27 వరకు దాని గడువు. రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్టుకు 30,000 రూపాయలు, మూడవదానికి 18,000, వెరసి 78,000 రూపాయలకు మించకుండ ఇంటికి సహాయ మిత్తురు. మూడు కిలోవాట్లు దాటిన ఏర్పాటుకు సహాయము అంతకు పెరుగదు. తాకట్టు అక్కరలేని బ్యాంకు ఋణమునకును వీలు కలదు.

ఇందు తెలిసికొనదగినవి మూడు. మొదటిది: సహాయపు సొమ్ము పని పూర్తియై, నెట్ మీటరు బిగించి, తనిఖీ ముగిసిన పిమ్మట వినియోగదారుని బ్యాంకు ఖాతాలోనికే వచ్చును. దానిని తామే తెచ్చియిత్తుమని ముందుగా డబ్బు వసూలు చేయువానిని నమ్మరాదు. రెండవది: భారతదేశములో తయారైన ఘటములతో చేసిన ఫలకములకే ఈ సహాయము వర్తించును. చౌకగా దొరికెనని వేరొక ఫలకము పెట్టించినచో సహాయము పోవును. ప్రభుత్వము ఆమోదించిన నమూనాల జాబితాలో ఆ ఫలకపు పేరున్నదో లేదో చూడవలెను. మూడవది: పని చేయువాడు పథకములో నమోదైనవాడై యుండవలెను. దరఖాస్తు పథకపు జాతీయ పోర్టల్ ద్వారా కర్నూలు, కడప ప్రాంతములకు విద్యుత్తు పంచు దక్షిణ ప్రాంత పంపిణీ సంస్థకు పోవును.

హామీపత్రములు రెండు విధములు. ఫలకము పగిలినను, లోపల నీరు చేరినను మార్చి యిత్తుమను వస్తు హామీ సాధారణముగా పది పండ్రెండేండ్లది. 25 ఏండ్ల తరువాత గూడ తొలి శక్తిలో నూటికి 80 వంతులకు తగ్గదనునది శక్తి హామీ. బజారులో ఇరువదియైదేండ్ల గ్యారంటీ అని గట్టిగా వినబడునది ఈ రెండవది. ఇన్వర్టరు హామీ వేరు, అది తక్కువ. ఈ మూడింటిని వేరువేరుగా వ్రాయించుకొని, ప్రతి ఫలకపు వరుస సంఖ్యను బిల్లుమీద ఎక్కించుకొని, కనీసము ముగ్గురివద్ద ధర అడిగి, ఆ ధరలో చట్రము, తీగలు, ఎర్తు, మీటరు రుసుము చేరియున్నవో లేవో కనుగొని సంతకము చేయవలెను. ఆ ఊరిలోనే రెండేండ్లకు పూర్వము పెట్టించినవాని ఇంటికి పోయి, నెలనెలా ఎన్ని యూనిట్లు వచ్చినవో చూచి వచ్చుట అన్ని కాగితములకంటె మేలైన సాక్ష్యము.

తరగతి గదిలో ఒక లెక్క

ఇందులో ఏదియు పండితులకు మాత్రమే తెలియు విద్య కాదు. పండ్రెండు బిల్లుల సగటు ఆరవ తరగతి లెక్క. మెట్ల రేట్ల లెక్క ఏడవ తరగతిది. నీడ గీతలు భూగోళము, ఉష్ణోగ్రతా గుణకము భౌతికశాస్త్రము, సబ్సిడీ పోను తిరుగుదల కాలము వాణిజ్య గణితము. ఒక ఉపాధ్యాయుడు తరగతిలోని పిల్లలందరిచేత తమ తమ ఇంటి బిల్లులు తెప్పించి ఒక వారము ఈ లెక్క చేయించినచో, ఆ ఊరిలో ఏ ఇంటికి ఫలకము మేలో, ఏ ఇంటికి అక్కరలేదో పిల్లలే చెప్పగలరు. ఆ పిల్లవాడు సాయంకాలము ఇంటికి పోయి, అరుగుమీద కూర్చుండి వ్యాపారితో బేరమాడుచున్న తండ్రి ప్రక్కన నిలిచి, ఉష్ణోగ్రతా గుణకమెంత అని అడిగినచో, ఆ బేరము మరియొక విధముగా నడచును.

బోరు వేయు కాలమున ఈ సీమ తండ్రులకు అట్టి ప్రశ్న అడుగుటకు వీలు లేకపోయెను. నేల లోపలి మాట చెప్పువారు లేక, నమ్మకమును పెట్టుబడిగా పెట్టిరి. వారి అప్పులను తీర్చిన బిడ్డలు నేటి గృహస్థులు. వారి మిద్దెమీద ఎండ దినదినమును పడుచున్నది. దానికి ముందుగా లెక్క కట్టుటకు ఒక కాగితము, ఒక కలము, పండ్రెండు పాత బిల్లులు చాలును.